నోస్‌ను తీసేసి పైటెస్ట్‌కు మారడం ఎలా: ఒక్క టెస్టు కూడా జారిపోకుండా

పాత పైథాన్ ప్రాజెక్టులను చూసుకునేవారు తరచూ అడిగే ప్రశ్న ఇది: "మా టెస్టులన్నీ నోస్ మీద ఉన్నాయి, కొత్త పైథాన్‌లో అది నడవడం లేదు, ఇప్పుడేం చేయాలి?" నోస్, పైటెస్ట్ రెండూ పైథాన్ టెస్టులను వెతికి నడిపే సాధనాలు. నోస్ చివరి విడుదల 1.3.7. అది 2015 జూన్‌లో వచ్చింది. పైథాన్ 3.10లో కలెక్షన్స్ మాడ్యూల్ నుంచి కాలబుల్ వంటి పాత పేర్లను తొలగించగానే నోస్ కూలబడింది. 3.12లో ఇంప్ మాడ్యూలే పోయింది కాబట్టి అక్కడ ఇంపోర్ట్ దగ్గరే ఆగిపోతుంది. సంఖ్యల గణనకు వాడే నంపై లైబ్రరీ ప్రాజెక్టు 2018లోనే, 1.15 వెర్షన్‌తో, పైటెస్ట్‌కు మారింది. మీరు ఇప్పుడు మారినా తప్పు లేదు, కానీ తొందరపడి ఒక్క సాయంత్రంలో ముగించేద్దామని మాత్రం కూర్చోకండి.

ఎందుకంటే ఈ పనిలో విఫలమయ్యే టెస్టుల వల్ల పెద్ద ప్రమాదం లేదు, అవి కళ్లెదుటే కనిపిస్తాయి. అసలు నడవకుండానే ఉండిపోయే టెస్టులతోనే చిక్కు. సీఐలో (కోడ్ మారినప్పుడల్లా టెస్టులు నడిపే వ్యవస్థలో) అంతా ఆకుపచ్చగా ఉంటుంది, అందరూ అభినందనలు చెబుతారు, ఆరు నెలల తర్వాత ఎవరో బగ్ నివేదిస్తే "దీనికి టెస్టు ఉందే!" అని వెతుక్కోవాల్సి వస్తుంది. కింద చెప్పిన క్రమమంతా ఆ ఒక్క పరిస్థితి రాకుండా చూడడానికే.

పైటెస్టే ఎందుకు, నోస్2 ఎందుకు కాదు? నోస్2 పేరులో పోలిక ఉన్నా అది వేరే ప్రాజెక్టు. యూనిట్‌టెస్ట్ పునాది మీద కట్టినది, నోస్ సదుపాయాలన్నీ అందులో లేవు. ఎలాగూ కష్టపడక తప్పదు కాబట్టి, కొత్తగా వచ్చే కంట్రిబ్యూటర్లకు ఎక్కువ మందికి తెలిసినదానికి మారడం మేలు. మీ టెస్టులన్నీ యూనిట్‌టెస్ట్ టెస్ట్‌కేస్ క్లాసులే అయి, నోస్‌ను కేవలం నడిపే సాధనంగా వాడుతుంటే మాత్రం పైథాన్‌తో వచ్చే యూనిట్‌టెస్ట్‌తోనే సరిపెట్టుకోవచ్చు.

ఒక మాట: కమాండ్లు, ఫంక్షన్ల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. టైపు చేసేటప్పుడు మామూలు ఇంగ్లీషు స్పెల్లింగే వాడాలి.

కావలసినవి

- పైథాన్ 3.9తో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్. నోస్ మార్పులేమీ లేకుండా నడిచే చివరి వెర్షన్ ఇదే.
- అదే ఎన్విరాన్‌మెంట్‌లో పైటెస్ట్ 7.4. నేరుగా 8కు వెళ్లవద్దు, కారణం 4వ మెట్టులో ఉంది.
- కవరేజ్ ప్యాకేజీ. టెస్టులు నడిచినప్పుడు కోడ్‌లో ఏ వరుసలు నడిచాయో ఇది కొలుస్తుంది.
- మార్పులను ఓపికగా చదివే మరో మెయింటెయినర్. ఒంటరిగా చేసే పని కాదిది.

మీ ప్రాజెక్టు కోడ్ ఇప్పటికే 3.9లో నడవని స్థితికి వచ్చేసిందా? అప్పుడు పైనోస్ అనే ఫోర్క్‌ను తాత్కాలికంగా వాడండి, అది కొత్త పైథాన్‌లలో నడుస్తుంది. అక్కడే స్థిరపడాలని మాత్రం అనుకోకండి. ఆధారపు కొలతలు తీసుకునేంత వరకే దాని అవసరం.

1. ముందుగా చెప్పండి

ఒక ఇష్యూ తెరిచి ఏం చేయబోతున్నారో, ఏ ఫోల్డర్‌తో మొదలుపెడతారో రాయండి. తెరిచి ఉన్న పుల్ రిక్వెస్టులను చూడండి. టెస్టు ఫైళ్లను తాకేవి ఉంటే వీలైనన్ని ముందే కలిపేయండి. లేకపోతే వాటిని రాసినవారు మీ మార్పుల వల్ల వచ్చే కాన్‌ఫ్లిక్టులతో విసిగిపోయి వెళ్లిపోతారు. పాత ప్రాజెక్టుకు టెస్టులు రాసే మనిషి దొరకడమే గొప్ప, అలాంటివారిని పోగొట్టుకోకండి.

2. ఇప్పుడున్న లెక్క రాసిపెట్టుకోండి

ఏదీ ముట్టుకోకముందే నోస్‌తో మొత్తం టెస్టులు నడపండి. విత్-ఎక్స్‌యూనిట్ ఆప్షన్ ఇస్తే ప్రతి టెస్టు పేరుతో ఒక ఎక్స్‌ఎంఎల్ ఫైలు వస్తుంది. దాన్ని భద్రపరచండి. నోస్ కవరేజ్ ప్లగిన్‌ను నమ్ముకోకుండా, కవరేజ్ సాధనం ద్వారానే నోస్‌ను మాడ్యూల్‌గా నడిపి ఆ నివేదిక కూడా దాచండి. రేపు పైటెస్ట్‌ను కూడా అదే పద్ధతిలో కొలవాలి కాబట్టి ఇద్దరికీ ఒకే కొలబద్ద ఉండాలి.

రాసుకోవలసిన అంకెలు నాలుగు: నడిచినవి, విఫలమైనవి, వదిలేసినవి, కవరేజ్ శాతం. కలెక్ట్-ఓన్లీ ఆప్షన్‌తో పేర్లు మాత్రం రాబట్టి ఇక్కడితో సరిపెట్టవద్దు. యీల్డ్ టెస్టుల్లోని (5వ మెట్టు చూడండి) ఒక్కొక్క కేసూ నిజంగా నడిపితేనే సరిగ్గా లెక్కకు వస్తుంది.

3. నోస్ ఎక్కడెక్కడ దాగి ఉందో వెతకండి

గ్రెప్‌తో "నోస్" అని వెతకడం మొదటి అడుగు మాత్రమే. ఆ పదం కనిపించని చోట్లే అసలైన అలవాట్లు ఉంటాయి. వీటిని కూడా వెతకండి:

- టెస్టు ఫంక్షన్లలో యీల్డ్
- పేరు కేవలం సెటప్, టియర్‌డౌన్ అని ఉన్న ఫంక్షన్లు, మెథడ్లు (టెస్టులకు ముందు, తర్వాత నడిచేవి)
- టెస్టు ఫోల్డర్లలోని ఇనిట్ ఫైళ్లలో సెటప్ కోడ్
- సెటప్ డాట్ పై ఫైల్లో నోస్ కలెక్టర్ ప్రస్తావన, సెటప్ డాట్ సీఎఫ్‌జీలో నోస్‌టెస్ట్స్ విభాగం
- టాక్స్, మేక్‌ఫైల్, సీఐ ఫైళ్లు, కంట్రిబ్యూటర్లకు రాసిన సూచనలు

సీఎఫ్‌జీలోని నోస్‌టెస్ట్స్ విభాగాన్ని శ్రద్ధగా చదవండి. ఏ ఫోల్డర్లను వదిలేయాలి, ఏ డాక్‌టెస్టులు (డాక్యుమెంటేషన్‌లో ఉదాహరణల రూపంలో ఉండే టెస్టులు) నడపాలి అన్నది అక్కడే రాసి ఉంటుంది. పైటెస్ట్ ఆ విభాగాన్ని అసలు చదవదు.

4. ఏమీ మార్చకుండా పైటెస్ట్ 7.4తో నడిపి చూడండి

7.4 ఎందుకంటే, పైటెస్ట్‌లో నోస్ పద్ధతులను అర్థం చేసుకునే భాగం 7.2లో కాలం చెల్లినదిగా ప్రకటితమై, 2024 జనవరిలో వచ్చిన 8.0లో పూర్తిగా పోయింది. 7.4 మీ పాత సెటప్‌లను ఇంకా నడుపుతుంది, అదే సమయంలో ఎక్కడెక్కడ మార్చాలో హెచ్చరికలతో చూపిస్తుంది. నేరుగా 8 వేసుకుంటే ఆ సెటప్‌లు నడవవు, హెచ్చరికా రాదు.

ఇప్పుడు జూనిట్ ఎక్స్‌ఎంఎల్ నివేదిక తీసి 2వ మెట్టులో దాచిన ఫైలుతో పోల్చండి. పేర్ల రూపం రెండింటిలో కొంచెం వేరుగా ఉంటుంది. మాడ్యూల్, ఫంక్షన్ పేర్లు మాత్రం తీసి వరుసలో పెట్టే చిన్న స్క్రిప్టు చాలు. సంఖ్య తేడా వస్తే కారణం సాధారణంగా ఈ మూడింటిలో ఒకటి.

మొదటిది, ఫైళ్ల పేర్లు. పేరులో ఎక్కడైనా అండర్‌స్కోర్ తర్వాత టెస్ట్ అని ఉంటే నోస్ తీసుకునేది. పైటెస్ట్ మామూలుగా "టెస్ట్_"తో మొదలయ్యేవి, "_టెస్ట్"తో ముగిసేవి మాత్రమే తీసుకుంటుంది. "పార్సర్_టెస్ట్స్" అని బహువచనంలో ఉన్న ఫైలు నోస్‌కు కనిపిస్తుంది, పైటెస్ట్‌కు కనిపించదు. ఒక్క అక్షరం వల్ల ఫైలు ఫైలే పోతుంది. పేరు మార్చండి, లేదా సెట్టింగుల్లో పైథాన్_ఫైల్స్ నమూనాకు దీన్ని చేర్చండి. పేరు మార్చడమే శుభ్రమైన దారి.

రెండవది, ఫంక్షన్ల పేర్లు. "ఏపీఐ_టెస్ట్" అన్న ఫంక్షన్‌ను నోస్ నడిపేది. పైటెస్ట్‌కు పేరు టెస్ట్‌తో మొదలవ్వాలి. ఇలాంటి గందరగోళాన్ని తప్పించుకోవడానికే పాత రచయితలు నాట్‌టెస్ట్, ఈజ్‌టెస్ట్ అనే డెకరేటర్లు అంటించి ఉంటారు. వాటిని తీసేసి పేర్లే సరిచేయండి.

మూడవది, ఫైళ్ల అనుమతులు. యూనిక్స్ కంప్యూటర్లలో ఎగ్జిక్యూటబుల్ అనుమతి ఉన్న పైథాన్ ఫైళ్లను నోస్ తనంత తాను వదిలేసేది. పైటెస్ట్ అలా వదలదు. కాబట్టి ఏళ్ల తరబడి నడవని టెస్టులు హఠాత్తుగా బయటికి వచ్చి విఫలం కావచ్చు. సంఖ్య పెరిగిందని సంతోషించే ముందు అవి ఇప్పటికీ అర్థమున్న టెస్టులేనా అని చూడండి.

వేర్వేరు ఫోల్డర్లలో ఒకే పేరుతో టెస్టు ఫైళ్లుండి, ఆ ఫోల్డర్లలో ఇనిట్ ఫైళ్లు లేకపోతే "ఇంపోర్ట్ ఫైల్ మిస్‌మ్యాచ్" అనే లోపం వస్తుంది. ఇనిట్ ఫైలు చేర్చండి, లేదా ఇంపోర్ట్ మోడ్‌ను ఇంపోర్ట్‌లిబ్‌గా పెట్టండి.

5. యీల్డ్ టెస్టులను మార్చండి

నోస్ కాలంలో ఒకే టెస్టును పది విలువలతో నడపాలంటే ఒక లూప్ రాసి, ప్రతి విలువకూ ఒక ఫంక్షన్‌ను యీల్డ్ చేసేవారు. పైటెస్ట్ 4.0 నుంచి, అంటే 2018 నుంచి, ఇవి నడవవు. 7.4లో ఇలాంటి టెస్టు "ఊహించిన వైఫల్యం"గా లెక్కలోకి వెళ్తుంది. తెరపై చుక్క బదులు చిన్న ఎక్స్ అక్షరం, చివర ఒక హెచ్చరిక, అంతే. మొత్తం ఫలితం ఆకుపచ్చే. 8.4 వచ్చాకనే ఇది స్పష్టమైన లోపంగా మారింది. ఈ ఒక్క కారణం వల్ల పది కేసులు ఒక్కటిగా కుంచించుకుపోయి, ఆ ఒక్కటీ నడవకుండా పోతుంది.

మందు పారామెట్రైజ్ డెకరేటర్. లూప్‌లోని విలువలను దానికి జాబితాగా ఇవ్వండి, యీల్డ్ చేసిన ఫంక్షన్ శరీరాన్ని టెస్టులోకి తెచ్చేయండి.

ఇక్కడొక ఉచ్చు ఉంది. పారామెట్రైజ్ విలువలు టెస్టులను సేకరించే దశలోనే సిద్ధంగా ఉండాలి, అప్పటికి ఏ సెటప్పూ నడిచి ఉండదు. మీ లూప్ సెటప్‌లో తెరిచిన డేటాబేస్ నుంచో, అప్పుడే సృష్టించిన తాత్కాలిక ఫోల్డర్ నుంచో విలువలు తీసుకుంటుంటే పారామెట్రైజ్ పనికిరాదు. అలాంటప్పుడు టెస్టు లోపలే మామూలు లూప్ రాసి, అసర్ట్ సందేశంలో ఏ విలువ దగ్గర తప్పిందో తెలిసేలా పెట్టండి. మొదటి వైఫల్యం దగ్గరే ఆగిపోతుందన్నది దీని లోటు. అది భరించలేకపోతే పైటెస్ట్-సబ్‌టెస్ట్స్ ప్లగిన్ ఉంది.

లూప్ ఏదో ఫోల్డర్‌లోని ఫైళ్లను చదివి నడుస్తుంటే, ఆ ఫోల్డర్ ఖాళీగా ఉన్నప్పుడు ఏమవుతుందో కూడా చూడండి. ఖాళీ జాబితా ఇస్తే పైటెస్ట్ ఆ టెస్టును నిశ్శబ్దంగా వదిలేస్తుంది. జాబితా ఖాళీగా లేదని ధ్రువీకరించే ఒక చిన్న టెస్టు విడిగా రాయండి.

6. సెటప్, టియర్‌డౌన్ పేర్లు

మాడ్యూల్ స్థాయిలో సెటప్ అని ఉంటే సెటప్_మాడ్యూల్‌గా, మామూలు క్లాసులో సెటప్ అని ఉంటే సెటప్_మెథడ్‌గా మార్చండి. టియర్‌డౌన్‌కూ ఇదే పద్ధతి. యూనిట్‌టెస్ట్ టెస్ట్‌కేస్ నుంచి వచ్చిన క్లాసుల్లోని సెట్అప్ (మధ్యలో పెద్ద యూ ఉన్నది) అలాగే ఉండనివ్వండి, అది ఎప్పటికీ నడుస్తుంది. ఇనిట్ ఫైళ్లలోని ప్యాకేజీ స్థాయి సెటప్‌ను కాన్‌ఫ్టెస్ట్ ఫైల్లోకి (ఆ ఫోల్డర్ టెస్టులన్నిటికీ పైటెస్ట్ చదివే ఉమ్మడి ఫైలు), తనంత తాను వర్తించే ఫిక్స్చర్‌గా (టెస్టుకు కావలసినది సిద్ధం చేసే ఫంక్షన్) తరలించండి. విత్_సెటప్ డెకరేటర్ ఉన్నచోట కూడా ఫిక్స్చరే.

ఈ మెట్టు ఎందుకు ముఖ్యమంటే, 8లో సెటప్ నడవకపోతే రెండు రకాలుగా జరగవచ్చు. సెటప్‌లో పెట్టిన వేరియబుల్‌ను టెస్టు వాడుకుంటే అట్రిబ్యూట్ఎర్రర్ వస్తుంది, దొరికిపోతుంది. కానీ సెటప్ చేసే పని ర్యాండమ్ సీడ్ పెట్టడమో, క్యాష్ ఖాళీ చేయడమో, ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ తొలగించడమో అయితే టెస్టు హాయిగా పాసవుతుంది. ఏదో ఒక రోజు, ఎవరిదో కంప్యూటర్‌లో మాత్రం పాసవ్వదు.

అన్ని ఫైళ్లలోనూ ఒకేసారి పేరు మార్చే కమాండు వేయకండి. డాక్యుమెంటేషన్ తయారుచేసే స్ఫింక్స్ కాన్ఫిగరేషన్ ఫైల్లో సెటప్ అనే ఫంక్షన్ వేరే పనికోసం ఉంటుంది, దాన్ని మారిస్తే డాక్యుమెంటేషన్ విరుగుతుంది. పిల్ల క్లాసులు సూపర్ ద్వారా తల్లి క్లాసు సెటప్‌ను పిలుస్తుంటే ఆ పిలుపు కూడా మార్చాలి.

అంతా అయ్యాక, 8లో తొలగిపోయేవాటి హెచ్చరిక తరగతిని (పైటెస్ట్‌రిమూవ్డ్‌ఇన్8వార్నింగ్) లోపంగా పరిగణించమని చెప్పి 7.4తో మళ్లీ నడపండి. మిగిలినవన్నీ అప్పుడు ఎర్రగా బయటపడతాయి.

7. అసర్ట్‌లు

నోస్ టూల్స్‌లోని అసర్ట్_ఈక్వల్, అసర్ట్_ట్రూ వంటివాటిని మామూలు అసర్ట్ వాక్యాలుగా మార్చడానికి నోస్2పైటెస్ట్ అనే సాధనం ఉంది. ఎక్కువ భాగం అదే చేసిపెడుతుంది. యంత్రం చేసిన మార్పులు ఒక కమిట్, మీ చేతి మార్పులు మరో కమిట్. రెండూ కలిపితే సమీక్షించేవారు కళ్లు మూసుకుని ఆమోదించడం తప్ప ఏమీ చేయలేరు. యంత్రపు కమిట్ సంఖ్యను గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ ఫైల్లో చేరిస్తే పాత చరిత్ర చదవడానికి అడ్డురాదు.

సాధనాన్ని నడిపాక ఇవి చేతితో చూడండి:

అసర్ట్_ఆల్మోస్ట్_ఈక్వల్: ఇది తేడాను 7 దశాంశ స్థానాలకు కుదించి సున్నా అయిందా అని చూస్తుంది. పైటెస్ట్ అప్రాక్స్ మామూలుగా విలువలో పది లక్షలవ వంతు వరకు తేడాను ఒప్పుకుంటుంది. చిన్న సంఖ్యలకు పెద్దగా ఇబ్బంది ఉండదు. 10,00,000కూ 10,00,000.5కూ తేడాను పాతది పట్టుకునేది, అప్రాక్స్ పట్టుకోదు. పెద్ద సంఖ్యలున్న చోట అబ్స్ విలువ (ఎంత తేడాను ఒప్పుకోవాలో నేరుగా చెప్పేది) మీరే ఇవ్వండి.

నంపై అసర్ట్_ఈక్వల్: పేరు ఒకటే, మూలం వేరు. నంపై టెస్టింగ్ నుంచి ఇంపోర్ట్ అయినదాన్ని మామూలు అసర్ట్‌గా మార్చకూడదు. అర్రేల పోలిక తప్పుతుంది, నాన్ ("సంఖ్య కాదు" అని సూచించే) విలువల ప్రవర్తన కూడా మారుతుంది. పేరును చూసి మార్చే సాధనం ఏదైనా ఇక్కడ పొరపడగలదు కాబట్టి ఆ ఫైళ్లను ముందే పక్కన పెట్టండి.

బ్రాకెట్లు: అసర్ట్ తర్వాత షరతునూ సందేశాన్నీ కలిపి ఒకే బ్రాకెట్లో పెడితే అది టపుల్ అవుతుంది. ఖాళీ కాని టపుల్ ఎప్పుడూ నిజమే. పైథాన్ హెచ్చరిస్తుంది, కానీ హెచ్చరికలు చదివేదెవరు?

సహాయక మాడ్యూళ్లు: టెస్టు ఫైళ్లు కాని చోట రాసిన అసర్ట్ విఫలమైతే విలువలు చూపకుండా ఊరికే అసర్షన్‌ఎర్రర్ అంటుంది. కాన్‌ఫ్టెస్ట్‌లో ఆ మాడ్యూల్‌ను రిజిస్టర్_అసర్ట్_రీరైట్‌తో, దాన్ని ఇంపోర్ట్ చేయకముందే, నమోదు చేయండి.

8. రెయిజెస్, అట్రిబ్యూట్లు

నోస్ రెయిజెస్ డెకరేటర్ టెస్టు మొత్తానికి వర్తించేది. టెస్టు మొదటి వరుసలోనే వాల్యూఎర్రర్ వచ్చినా పాసే. పైటెస్ట్‌లో విత్ పైటెస్ట్ రెయిజెస్ కింద, లోపం రావలసిన ఆ ఒక్క వరుసను మాత్రమే పెట్టండి. ఇలా చేస్తుంటే కొన్ని టెస్టులు ఇన్నాళ్లూ తప్పుడు కారణంతో పాసవుతున్నాయని తెలుస్తుంది. అది మంచి వార్తే, విడి ఇష్యూగా రాసుకుని ముందుకు సాగండి.

నోస్ అట్రిబ్యూట్ ప్లగిన్‌తో "స్లో" అని గుర్తు పెట్టినవి పైటెస్ట్ మార్కర్లుగా మారతాయి. మార్కర్ల పేర్లు సెట్టింగుల్లో నమోదు చేసి, స్ట్రిక్ట్-మార్కర్స్ పెట్టండి. లేకపోతే స్పెల్లింగు తప్పిన మార్కర్ ఎవరికీ తెలియకుండా పడి ఉంటుంది. డాక్‌టెస్టులకు డాక్‌టెస్ట్-మాడ్యూల్స్, సమాంతరంగా నడపడానికి ఎక్స్‌డిస్ట్ ప్లగిన్ ఉన్నాయి. మొదటి వైఫల్యం దగ్గరే ఆపే -ఎక్స్, డీబగ్గర్ తెరిచే పీడీబీ ఆప్షన్లు నోస్, పైటెస్ట్ రెండింటిలోనూ ఒకటే.

9. సెట్టింగులు, సీఐ, తొలగింపు

సెట్టింగులను పైప్రాజెక్ట్ టామ్ల్ ఫైల్లో పెట్టండి, పైటెస్ట్ 6.0 నుంచి దాన్ని చదువుతోంది. సీఐలో కమాండు మార్చండి, ఆ తర్వాతే పైటెస్ట్‌ను 8కు పెంచండి. ఒక్క టెస్టు కూడా దొరకకపోతే పైటెస్ట్ 5 అనే ఎగ్జిట్ కోడ్ ఇస్తుంది. దాన్ని "లోపం కాదులే" అని మింగేసే షెల్ వరుస మీ సీఐలో ఉంటే ఇప్పుడే తీసేయండి.

చివరగా నోస్‌ను అవసరాల జాబితాల నుంచి తొలగించి, ఎవరూ తిరిగి తేకుండా రఫ్ అనే కోడ్ తనిఖీ సాధనంలో నిషేధిత ఇంపోర్టుల నియమం (టీఐడీ251) కింద దాని పేరు చేర్చండి.

ఒక మినహాయింపు ఉంది. మీ లైబ్రరీ ఇతర ప్రాజెక్టుల కోసం టెస్టు సహాయక ఫంక్షన్లు అందిస్తూ, అవి లోపల నోస్‌ను వాడుతుంటే వాటిని ఒక్కసారిగా తీయకండి. నంపై తను 2018లోనే మారినా, తన మీద ఆధారపడినవారి కోసం నోస్ మద్దతును చాలాకాలం ఉంచి, పైథాన్ 3.12 దగ్గరపడ్డాకనే తీసేసింది. ముందు ఒక విడుదలలో హెచ్చరిక ఇవ్వండి.

సరిగ్గా జరిగిందో లేదో ఎలా చూడాలి

పేర్ల పోలిక మళ్లీ చేయండి. పాత జాబితాలో ఉండి కొత్తదానిలో లేని ప్రతి టెస్టుకూ ఒక కారణం రాయగలగాలి. "మొత్తం సంఖ్య దాదాపు సరిపోయింది" అన్నది జవాబు కాదు. కొత్తగా దొరికినవి, పోయినవి ఒకదాన్నొకటి కప్పేస్తాయి.

కవరేజ్‌ను శాతంగా చూడకండి, ఫైలువారీగా పోల్చండి. పెద్ద ప్రాజెక్టులో ఒక చిన్న మాడ్యూల్ పూర్తిగా కవరేజ్ కోల్పోయినా మొత్తం శాతం కదలదు. టెస్టు ఫోల్డర్‌ను కూడా కవరేజ్‌లో చేర్చితే ఇంకా మంచిది, నడవని టెస్టు ఫంక్షన్ల శరీరాలు ఎర్రగా కనిపిస్తాయి. నా దృష్టిలో ఈ మొత్తం పనిలో అతి తక్కువ శ్రమతో అతి ఎక్కువ తెలిపే పరీక్ష ఇదే.

ఆ తర్వాత కావాలని పాడుచేసి చూడండి. ఒక్కో మాడ్యూల్లో ఒక ఫంక్షన్ తిప్పి పంపే విలువను తారుమారు చేయండి, టెస్టులు విఫలం కావాలి. కాకపోతే ఆ మాడ్యూల్ టెస్టులను మళ్లీ మొదటి నుంచి చదవండి.

విడుదల గమనికల్లో టెస్టులు నడిపే కమాండు మారిందని ఒక వరుస రాయండి. లినక్స్ పంపిణీల ప్యాకేజర్లు మీ టెస్టులను తమ బిల్డ్‌లో నడుపుతారు, వాళ్లు చదివేది అదే.